కాజీపేట మీదుగా వచ్చిన కబురు

1984 అక్టోబరు 31న ఢిల్లీలో హత్యకు గురైన ప్రధాని మన మెదక్ ఎంపీ. ఆ రోజు దేశానికి హోంమంత్రి మా హన్మకొండ ఎంపీ. ఇందిరాగాంధీ 1980లో రాయ్‌బరేలీ, మెదక్ రెండు చోట్లా గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు. పి.వి. నరసింహారావు 1977 నుంచి హన్మకొండకు ఎంపీ. హోంశాఖ చేతికి వచ్చింది ఆ జులైలోనే. ఢిల్లీ ఘోరానికి తెలంగాణ పల్లెలు ఇంత దగ్గరి చుట్టాలని ఆనాడు మా బడిలో ఎవరికీ తట్టలేదు. నేనప్పుడు మడికొండలో ఎనిమిదో తరగతి.

తర్వాత సోషల్ టీచర్నయ్యాను. పిల్లలకు 1984 గురించి చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ పాఠం పక్కకు పోయి ఇంకోటి ముందుకొస్తుంది. దేశానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఆ కబురు ఒక ఊరి బడి దాకా ఏ దారిన వస్తుంది? వచ్చినదాంట్లో దేనికి లేచి నిలబడతాం, దేన్ని విననట్టు ఊరుకుంటాం? సంతాప సభ కూడా ఒక ఆచారమే, దానికీ ఒక చరిత్ర ఉంది. పెళ్లిళ్ల గురించి, జాతర్ల గురించి రాసినంతగా దాని గురించి ఎవరూ రాసినట్టు లేదు.

మడికొండ అంటే తెలియనివాళ్లకు రెండు గుర్తులు చెబుతాం. ఒకటి మెట్టుగుట్ట. రామలింగేశ్వరస్వామి గుడి, దాని పక్కన బండ మీద బండ పేర్చినట్టు నిలబడ్డ రాతి స్తంభాలు. రెండోది కాళోజీ నారాయణరావు. పుట్టింది బీజాపూర్ జిల్లా రట్టిహళ్లి అయినా, చిన్నప్పటి చదువు మా ఊరిదే. ఇప్పుడు ఐటీ కంపెనీలొచ్చాయి, టెక్స్‌టైల్ పార్కు వచ్చింది, గ్రేటర్ వరంగల్‌లో కలిసిపోయాం. అప్పుడు గ్రామ పంచాయతీ. కబుర్లు రెండు వైపుల నుంచి వచ్చేవి. హైదరాబాద్ రోడ్డు మీద బస్సుల్లో, లారీల్లో ఒక వైపు. కాజీపేట జంక్షన్ నుంచి ఇంకో వైపు. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే లైను, సికింద్రాబాద్ లైను కలిసేది అక్కడే. సైకిలెక్కితే అరగంట. మా వాడల్లో రైల్వే కొలువున్న ఇళ్లు చాలా ఉండేవి, వాళ్లింట్లో మాట ఒక్కోసారి రేడియో కన్నా ముందుండేది.

ఈ దారి పాతదే. మాకు చదువు చెప్పిన సార్లలో అందరికన్నా పెద్దాయన 1948లో ఉర్దూ మీడియం కుర్రవాడు. గాంధీ హత్య జరిగిన జనవరి 30 శుక్రవారం. నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారమే కాబట్టి ఆ సాయంత్రం బడి లేదు. ఆ రాత్రి కాజీపేటలో బండి దిగినవాళ్లు మోసుకొచ్చారట కబురు. హైదరాబాద్ అప్పటికి ఇండియన్ యూనియన్‌లో లేదు. 1947 నవంబరులో రాసుకున్న యథాతథ ఒప్పందం నడుస్తోంది. పరకాలలో మూడు రంగుల జెండా పట్టుకుని కదిలిన జనం మీద కాల్పులు జరిగి ఇంకా ఐదు నెలలు నిండలేదు. అట్లాంటి రోజుల్లో, శనివారం పొద్దున మౌల్వీ సాబ్ హాజరు పిలిచి, బాపూ పోయారని ఉర్దూలో ఒక్కమాట చెప్పి, పాఠం ఎత్తుకోకుండా గంట కొట్టేదాకా కుర్చీలోనే కూర్చున్నారట. పిల్లల్ని లేవమనలేదు, సెలవూ ఇవ్వలేదు.

"సంతాపం జెయ్యాల్నంటే సర్కారు హుకుం గావాలె గదా. హుకుం లేకుంట ఏడిస్తె అట్లనే ఉంటది" అనేవారు పెద్ద సారు. అదే ఏడు ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి మీద పడి వరుసబెట్టి చంపితే, ఆ మాట తమ బడిలో ఎవరూ ఎత్తలేదని కూడా ఆయనే చెప్పారు. ఎత్తితే ఏమయ్యేదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మాకూ కనిపించలేదు.

యూనియన్‌లో కలిశాక సంతాపానికి హుకుం దొరికింది గానీ, సందర్భాలు బడికి అందలేదు. నెహ్రూ పోయింది 1964 మే 27న, ఎండాకాలం సెలవుల్లో. హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పోయింది 1969 మే 3న. 1991లో రాజీవ్ హత్యా మే నెలలోనే. శాస్త్రిగారు తాష్కెంట్‌లో కన్నుమూసిన 1966 జనవరి 11 మాత్రం పనిదినం. మా అన్న తరం వాళ్లకు అది గుర్తుంది. పంచాయతీ ఆఫీసు మీది లౌడ్‌స్పీకర్ రేడియోలో విని, సంక్రాంతి కన్నా ముందే సెలవొచ్చిందని సంబరపడి, ఇంట్లో తన్నులు తిన్నారట. తరగతి గది దాకా నేరుగా నడిచొచ్చిన చావంటే మా తరానికి ఇందిరాగాంధీదే.

దీపావళి వెళ్లి వారం. ఆ బుధవారం క్వార్టర్లీ పేపర్లు ఇస్తున్నారు. లెక్కల సారు ఒక్కొక్కరి పేరు పిలిచి, మార్కులు గట్టిగా చదివి, పేపరు చేతికిచ్చేలోపు ఆ పిల్లాడికి తగలాల్సిన మాటలన్నీ తగిలిస్తున్నారు. నా పేరు రాకముందే అటెండరు గడపలో నిలబడి, "సార్, ఇందిరమ్మను కాల్చిండ్రట" అన్నాడు. సారు పేపర్ల కట్ట కింద పెట్టి వరండాలోకి నడిచారు. హిందీ సారు ట్రాన్సిస్టర్ చుట్టూ టీచర్లందరూ మూగారు. మేం కిటికీ ఊచలకు వేలాడాం.

ఆ రోజు ఆకాశవాణి చెప్పిన తీరు ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఉదయం 9 దాటాక సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంట్లో ఆమె సొంత అంగరక్షకులు బియాంత్ సింగ్, సత్వంత్ సింగ్ కాల్పులు జరిపారు. మధ్యాహ్నం రెండు దాటాక ఎయిమ్స్ డాక్టర్లు చనిపోయినట్టు ప్రకటించారు. బీబీసీ ఆ మాట అంతకన్నా ముందే చెప్పేసింది. మన రేడియో మాత్రం దాడి జరిగింది, చికిత్స జరుగుతోంది అనే అంది. మరణవార్త సాయంత్రం 6 గంటలకు గానీ చదవలేదు. కొత్త ప్రధాని ఎవరో తేలేదాకా ఆగారని తర్వాత అందరూ అన్నారు. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్‌ను రప్పించి, ఆ సాయంత్రమే రాష్ట్రపతి జైల్ సింగ్ ప్రమాణం చేయించారు.

మధ్యాహ్నం అన్నాల గంట తర్వాత కాజీపేట నుంచి సైకిల్ మీద వచ్చినాయన, "పానం పోయిందట, లండన్ రేడియో చెప్పింది" అన్నాడు. మా హెడ్మాస్టరు మనిషి వణికిపోతున్నా మాట మాత్రం తడబడలేదు. "మన రేడియో చెప్పేదాంక మనం చెప్పొద్దు" అన్నారు. దాంతో ఊరందరికీ తెలిసిన చావు బడికి మాత్రం తెలియనట్టే ఉండిపోయింది. ఎప్పటిలాగే లాంగ్ బెల్ కొట్టారు, ఎప్పటిలాగే ఇళ్లకు పరుగెత్తాం. లెక్కల పేపరు ఆ రోజుకు తప్పిందని లోపల్లోపల నాకు హాయిగానే ఉంది.

సాయంత్రం ఊరు ఊరులా లేదు. రేడియోలో వీణ, షెహనాయి తప్ప పాట లేదు. అదే ఏడుపు వాద్యం ఇంటింటి నుంచీ. భూమి పట్టాలు అందుకున్న ఇళ్లలో ఆడవాళ్లు సొంత మనిషి పోయినట్టు శోకాలు పెట్టి ఏడ్చారు. వాళ్లకు ఆమె ప్రధానమంత్రి కాదు, ఇందిరమ్మ. ఎమర్జెన్సీని తిట్టిపోసిన మా నాన్న కూడా ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. సెప్టెంబరు 16న మళ్లీ గద్దెనెక్కిన ఎన్టీఆర్ కోసం నెల రోజుల పాటు ఆమెను శాపనార్థాలు పెట్టినవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు నవంబరు 1, రాష్ట్ర అవతరణ దినం. దానికోసం మేం నేర్చుకున్న పాటలు గొంతులోనే ఉండిపోయాయి.

నవంబరు 3, శనివారం అంత్యక్రియలు. మా బడి మళ్లీ తెరిచింది సోమవారం. ఆఫీసు రూములోని ఇందిరాగాంధీ ఫొటో తెచ్చి కుర్చీలో పెట్టి బంతిపూల దండ వేశారు. దేశమంతా జెండాలు సగానికి దించారని రేడియో అంటోంది గానీ మా కట్టె మీద దించడానికి జెండా లేదు. అది ఆగస్టు 15కూ జనవరి 26కూ మాత్రమే ఎక్కేది. హెడ్మాస్టరు సంతాప తీర్మానం చదివారు. తర్వాత రెండు నిమిషాల మౌనం. మామూలుగా జనవరి 30న పదకొండు గంటలకు పట్నాల్లో సైరన్ మోగుతుంది. మాకు హెడ్మాస్టరు చేతి గడియారమే సైరన్. ఆ రోజూ అదే చూసుకుంటూ నిలబడ్డారు. మౌనం ముగిశాక ప్రతిజ్ఞ. భారతీయులందరూ తోబుట్టువులని చెప్పే ఆ ప్రతిజ్ఞ రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తివాడు పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో విశాఖపట్నంలో పనిచేస్తున్నప్పుడు. పుస్తకంలో ఆయన పేరుండేది కాదు. ఆ సంగతీ నేను టీచర్నయ్యాకే తెలుసుకున్నాను.

మేం అట్లా కళ్లు మూసుకుని నిలబడేసరికి ఢిల్లీలో సిక్కుల ఊచకోత చాలావరకు అయిపోయింది. అక్టోబరు 31 సాయంత్రం మొదలై, నవంబరు 1, 2 తారీకుల్లో త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి వాడల్లో జరిగింది అది. ఇళ్లలో నుంచి మగవాళ్లను ఈడ్చి, కిరోసిన్ పోసి కాల్చారు. సైన్యం గట్టిగా దిగేసరికి 3వ తేదీ. ఢిల్లీ ఒక్కదాంట్లోనే చనిపోయినవాళ్లు 2,733 మంది అని తర్వాత ఆహుజా కమిటీ లెక్క తేల్చింది. ఆ సోమవారం మా మౌనంలో వీళ్లలో ఒక్కరు కూడా లేరు. ఎవరి తప్పని అనను; సభలో వాళ్ల మాట చదవమని ఏ సర్కులరూ రాలేదు, ఏ రేడియోలోనూ రాలేదు. పెద్ద సారన్న హుకుం మాట నాకు ఇక్కడ గుర్తొస్తుంది.

కానీ కబురు రానే వచ్చింది, దాని దారిన అది. మా వాడలో గూడ్స్ గార్డు ఒకాయన ఉండేవాడు, నాకు వరసకు చిన్నాయన. కాజీపేట నుంచి బల్లార్షా దాకా డ్యూటీ. అక్కడి రన్నింగ్ రూంలో నాగపూర్ వైపు నుంచి వచ్చిన సిబ్బంది, వాళ్లకు ఇటార్సీ వాళ్లు, వాళ్లకు ఝాన్సీ వాళ్లు చెప్పుకున్న మాటలు చేతులు మారి అక్కడికి చేరేవి. ఒక రాత్రి అరుగు మీద కూర్చుని, "తుగ్లకాబాద్ కాడ బండ్లాపి సర్దార్లను గుంజిండ్రట వొదినె. మెడల టైరేసి నిప్పువెట్టిండ్రట" అన్నాడు. అమ్మ నా వైపు చూసి ఆయన్ను ఆపింది. తుగ్లకాబాద్ అంటే మన సైడు బండ్లు ఢిల్లీలోకి పోయే దారే. కాజీపేటలో మేం చేతులూపే బండ్లు అవే.

రోడ్డు చెప్పింది ఇంకో విధంగా. హైదరాబాద్ రోడ్డు మీద పంజాబ్ లారీలు మాకు కొత్తకాదు. చాయ హోటల్ దగ్గర ఆగిన సర్దార్జీ పగిడీ కట్టుకుంటుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్లం. ఆ నవంబరులో కొన్నాళ్లు ఒక్క లారీ రాలేదు. తర్వాత వచ్చిన ఒకదాని నుదుట గురుముఖి అక్షరాల మీద కాగితం అంటించి ఉంది. అద్దానికి లోపలి నుంచి ఇందిరాగాంధీ ఫొటో. డ్రైవరు దిగలేదు, క్లీనర్‌తో చాయ తెప్పించుకున్నాడు. చిత్రమేమిటంటే సిక్కులు మనకు పరాయివాళ్లు కూడా కాదు. నిజాం కొలువులో చందూలాల్ ఉన్నప్పుడు, 1832లో, రంజిత్ సింగ్ పంపిన పటాలం హైదరాబాద్ శివార్లలోనే స్థిరపడింది. సిక్కు ఛావనీలో ఇప్పటికీ తెలుగు, దక్కనీ మాట్లాడేవాళ్లున్నారు.

ఆ నవంబరు 8న కార్తీక పౌర్ణమి. మెట్టుగుట్ట మీద దీపాలు పెట్టి వచ్చాం. గురునానక్ జయంతి కూడా ఆ పౌర్ణమే. ఆ ఏడు ఢిల్లీ సిక్కుల్లో వేలమంది దాన్ని సహాయ శిబిరాల్లో గడిపారు.

అదే లైను మీద నెల తిరక్కుండా ఇంకో కబురు వచ్చింది. డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో గ్యాసు లీకైంది. భోపాల్ కూడా కాజీపేట మీదుగా పోయే ఢిల్లీ దారిలోనిదే. ప్లాట్‌ఫాం మీద ఆగిన బండిని గడువుకు ముందే పంపించేసి ప్రయాణికుల్ని కాపాడిన అక్కడి స్టేషన్ అధికారి గులాం దస్తగీర్ సంగతి దేశానికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. స్టేషన్లోనే మనుషులు కుప్పకూలారని మా గార్డు చిన్నాయన ఆ వారమే చెప్పాడు. వేలమంది చచ్చిపోయినా మా బడిలో లేచి నిలబడలేదు. అప్పుడు అర్థం కాలేదు గానీ తర్వాత లెక్క దొరికింది: ఫొటో పెట్టడానికి ఒక మొహం, చదవడానికి ఒక పేరు ఉండాలి. పేదవాళ్లు గుంపుగా పోతే మన ఆచారానికి కుర్చీ దొరకదు.

ఆ తర్వాత ఎన్నికలు. దేశమంతా సానుభూతి గాలి; కాంగ్రెస్‌కు నాలుగు వందలు దాటి సీట్లు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశానికి 30. భారతీయ జనతా పార్టీ దేశం మొత్తం మీద గెలిచింది రెండే. ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మా హన్మకొండ. పరకాలకు చెందిన చందుపట్ల జంగారెడ్డి తెలుగుదేశం మద్దతుతో పి.వి.ని 54 వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు. పి.వి. మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నిలబడి గెలిచారు కాబట్టి కేంద్రంలో మంత్రిగా కొనసాగారు. మరుసటి ఏడు విద్యాశాఖ ఆయన చేతికే వెళ్లింది. నవోదయ బడులు ఆయన కాలంలో మొదలైనవే.

1985 జులై 31న ఢిల్లీలో కాంగ్రెస్ ఎంపీ లలిత్ మాకెన్, ఆయన భార్య గీతాంజలి హత్య. ఆమె తండ్రి శంకర్ దయాళ్ శర్మ అప్పుడు మన గవర్నరు, కాబట్టి తెలుగు పేపర్లు మొదటి పేజీలో వేశాయి. చంపిన సిక్కు తీవ్రవాదులు ఎందుకు చంపారన్నది మాత్రం మాకు ఎక్కలేదు. 1984 నవంబరులోనే పౌరహక్కుల సంఘాలు పీయూసీఎల్, పీయూడీఆర్ కలిసి ఢిల్లీ హత్యాకాండ మీద నివేదిక వేసి, అందులో నేతల పేర్లు రాశాయి. మాకెన్ పేరు వాటిలో ఉంది. పీయూసీఎల్‌ను నిలబెట్టినవాళ్లలో జస్టిస్ తార్కుండే ఒకరు. ఎమర్జెన్సీలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద ఆయన నడిపిన విచారణ కమిటీలో మా కాళోజీ సభ్యుడు. ఈ ముడులన్నీ నేను బీఈడీ చదువుతూ లైబ్రరీల్లో ఒక్కొక్కటే విప్పుకున్నాను. బడి ఇచ్చింది ఒక్క పోగే.

ఇప్పుడు అక్టోబరు 31 వేషం మారింది. మొదట్లో ఇందిరాగాంధీ వర్ధంతిగా సమైక్యతా ప్రతిజ్ఞ చేయించేవాళ్లం. 2014 నుంచి ఆ తేదీ వల్లభ్‌భాయ్ పటేల్ జయంతిగా ఏకతా దివస్. పొద్దున్నే పరుగు, ఆ తర్వాత ప్రతిజ్ఞ. పటేల్ పుట్టింది 1875లో అదే రోజు. హైదరాబాద్ రాజ్యం పిల్లలకు ఆయనా మరిచిపోదగ్గవాడు కాదు. అయినా మూడు రోజుల ఢిల్లీకి మాత్రం రెండు రకాల అక్టోబరు 31లలోనూ చోటు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతి పుస్తకంలో 2007 నుంచి అది ఉంది, 2005లో పార్లమెంటులో మన్మోహన్ సింగ్ చెప్పిన క్షమాపణతో సహా. మా పిల్లల్లో ఆ పుస్తకం చేతబట్టేవాళ్లు తక్కువ.

అందుకే నేను తేదీలతో మొదలుపెట్టను, ఎంపీలతో మొదలుపెడతాను. మెదక్, హన్మకొండ అనగానే వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది: "సార్, హోంమంత్రి అంటే ఢిల్లీ పోలీసులు ఆయన కిందనే గదా? మరి ఏం జేసిండు?"

తెలిసినంత చెప్పాను. ఆ సాయంత్రమే ఐ.కె. గుజ్రాల్ వెళ్లి సైన్యాన్ని వెంటనే పిలవమని పి.వి.కి చెప్పారని, ఆ సలహా పాటించి ఉంటే ఊచకోత తప్పేదని 2019 డిసెంబరులో మన్మోహన్ సింగ్ ఒక సభలో అన్నారు. పి.వి. కుటుంబం దాన్ని ఖండించింది. 2016లో వచ్చిన జీవితచరిత్రలో వినయ్ సీతాపతి, ఆ రోజు శాంతిభద్రతల పని ప్రధాని కార్యాలయం నేరుగా చూసుకుంటుందని హోంమంత్రికి చెప్పేశారని రాశారు. అది నిజమైనా, పక్కకు జరగడం కూడా ఒక పనే కదా అన్నది నా అభిప్రాయం. అది నా అభిప్రాయమని కూడా పిల్లలకు చెప్పాను. పి.వి. అంటే మా జిల్లావాళ్లకు గర్వం. ఆయన ఊరు వంగర ఎంతో దూరం కాదు. 2024లో ఆయనకు భారతరత్న ఇచ్చినప్పుడు మేమూ స్వీట్లు పంచాం. గర్వం ఉన్నచోట ఈ ప్రశ్న అడగకూడదనే నియమం నాకెక్కడా కనబడలేదు.

"అందుకేనా సార్, మనోళ్లు ఓడగొట్టిండ్రు?" అంది ఆ పిల్ల మళ్లీ.

కాదన్నాను. ఆ డిసెంబరులో మడికొండ గోడల మీద ఢిల్లీ ఊసే లేదు. ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టడం మీదే రాతలన్నీ. సైకిలు గుర్తు జెండాలు, పక్కనే కమలం. నేనూ ఆ కరపత్రాలు పంచినవాణ్ణే. మా ఓటు హైదరాబాద్‌లో జరిగిన దానికి జవాబు. త్రిలోక్‌పురి పేరు అప్పటికి మా ఊళ్లో విన్నది ఎవరైనా ఉంటే కాజీపేట రన్నింగ్ స్టాఫే.